గొర్రెలకు విషం పెట్టింది టైలర్ చిన్నాన్న కాదు

ఆ రోజుల్లో, బెంగాలీల ఊళ్లో ఉన్న మా తెలుగు రైల్వేవాళ్ల ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఒకరింట్లో చేప మాడితే వర్క్‌షాప్ సైరన్ మోగేలోపు క్వార్టర్ల లైనంతా తెలిసిపోయేది. ఎవరబ్బాయి పరీక్ష తప్పాడో ఆ అబ్బాయి కంటే ముందు పక్కింటివాళ్లకు తెలిసేది. అలాంటి చోట ఒక్క సంగతి మాత్రం ఇన్నేళ్లూ ఎవరికీ తెలియకుండా ఉండిపోయింది. అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, నేను నోరు విప్పలేదు. క్రిస్మస్ నాటకంలో మామ్మ గొర్రెలు స్టేజీ మీద పడిపోయింది టైలర్ చిన్నాన్న పెట్టిన విషం వల్ల కాదు, నేను పెట్టిన మందు వల్ల. ఈ మాట చెప్పడానికి నాకు జుట్టు తెల్లబడేంత కాలం పట్టింది (నల్లబొచ్చు రంగు మారడంతోనే ఈ కథంతా మొదలైంది కాబట్టి, ఆ శిక్ష నాకు తగినదే).

మామ్మ నాకు సొంత మామ్మ కాదు, లైనందరికీ మామ్మే. కొడుకు క్వార్టర్లో ఉంటూ, కోడలి దగ్గర చెయ్యి చాపకుండా బతకాలని నల్లగొర్రెల్ని పెంచేది. క్వార్టర్ల వెనక, వ్యాగన్లు ఆగే సైడింగ్ పక్కన, ఎర్రమట్టి మైదానంలో మొలిచే బక్కగడ్డే వాటికి మేత. ఆ ఏడాది వాటికేదో అయింది. కడుపునిండా మేసి వచ్చి కూడా గోడలు నాకేవి, ఆగిన వ్యాగన్ చక్రాలు నాకేవి, ఆరేసిన బట్టలు నమిలేవి. నిగనిగలాడే నల్లబొచ్చు ఎండలో వెలిసిన పాతగొడుగు గుడ్డలా ఎర్రగోధుమ రంగుకు తిరిగింది. పుట్టిన పిల్లలేమో ముందుకాళ్లతో ఒకవైపు, వెనకకాళ్లతో ఇంకోవైపు నడిచి, మధ్యలో కూలబడేవి. మామ్మ వాటిని ఒళ్లో వేసుకుని, "ఏటయిందే తల్లీ మీకు, ఎవుల కళ్లు పడ్డాయే" అని ఏడ్చేది.

మామ్మ పక్కవాటా టైలర్ చిన్నాన్నది. వరండాలో కుట్టుమిషన్. మా చర్చి సంఘంలో పాటల బృందానికి అంగీలు, క్రిస్మస్ నాటకానికి దూతల బట్టలు ఆయనే కుట్టేవాడు. పనిమంతుడు, కానీ ఆయన నోరు మిషన్ కంటే వేగం. గుండీ తెగిందని చెప్పడానికి వెళ్లినవాడు వంశచరిత్ర విని వచ్చేవాడు. అలాంటి మనిషి తీగ మీద ఆరేసిన గాబ్రియేలు దూత అంగీని మామ్మ గొర్రె చంకదాకా తినేసింది.

"ఓలమ్మో, ఓ మామ్మా! సూసినావేటి నీ గొర్రె సేసిన పని? గాబ్రియేలు ఒంటిచేత్తో దిగుతాడేటి ఆకాశంలోంచి?"

"నోరునేని జీవి రా నాయినా, దానికేటి తెలుస్తాది?"

"తెలియాపోతే నాను తెలియజేస్తాను! ఇంకోపాలి నా గుడ్డ ముట్టుకున్నాయా, విసం పెట్టి సంపేస్తాను అన్నింటినీ! అందరూ ఇనండి, నాను సెప్పే సేస్తాను!"

అందరూ విన్నారు. మా లైన్లో వినకపోవడం అనేది లేదు.

అప్పుడు నేను ట్వెల్త్‌లో బయాలజీ గట్టెక్కి, ఉద్యోగం పిలుపు కోసం ఎదురుచూస్తూ, వేళకు తిని తిరుగుతున్నాను. కప్పను కోసిన అనుభవం ఉంది కాబట్టి నన్ను లైన్లో 'డాక్టరు' అనేవారు. (వేళాకోళానికే అనేవారు. నేను మాత్రం బిరుదులాగానే తీసుకునేవాణ్ణి.) లైబ్రరీలో పశువుల జబ్బుల పుస్తకం ఒకటి దొరికితే తిరగేశాను. ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. మేతలో రాగి తక్కువైతే నల్లగొర్రెల బొచ్చు రంగు వెలుస్తుంది, పిల్లలు నడుము పట్టులేక తూలుతూ పుడతాయి అని రాసి ఉంది. మామ్మ గొర్రెలే వెళ్లి ఆ పేజీలో ఫొటో దిగినట్టుంది! జబ్బు కనిపెట్టేశాను, ఇంక మిగిలిందేముంది అనుకుని పుస్తకం మూసేశాను. మోతాదు సంగతి ఆ తరవాతి పేజీలో ఉందట. ఉంటుంది కదా మరి.

మోతాదు గురించి నేను సలహా అడిగింది మా నాన్నని. నాన్న వర్క్‌షాప్‌లో ఫిట్టరు. ఆయన దృష్టిలో ప్రాణమున్నవీ లేనివీ అన్నీ బండ్లే. అమ్మకు మోకాలు నొప్పంటే "బేరింగ్ అరిగిపోనాది" అనేవాడు. భోజనం దగ్గర గొర్రెల పేరెత్తకుండా, "ఏదైనా కాస్త ఎక్కువ పెడితే ఏటవుద్ది నాన్నా?" అని అడిగాను.

"గ్రీజు సంగతేటి? తక్కువైతే బేరింగ్ కాలిపోద్ది. ఎక్కువైతే పక్కనించి కారిపోద్ది. అందుకే నానెప్పుడూ ఇంకో రెండు పంపులు ఎక్కువే కొడతాను. బండి ఆగిపోడం కంటే కారడం మేలు కాదేటి?"

మా ఇంట్లో పుట్టినవాడికి ఇది వేదవాక్యం. గొర్రెకు రాగి ఎక్కువైతే ఎక్కడినుంచో కారిపోతుందిలే అనుకున్నాను. వెల్లవేసే సామాన్ల కొట్లో మైలుతుత్తం కొన్నాను. అందులో ఉండేది రాగే. చూడటానికి నీలంరాయిలా ఎంత అందంగా ఉండేదో! పొడి కొట్టి, బెల్లం ఉండల్లో కలిపి, మామ్మ గుడికి వెళ్లిన వేళ, అంటే మా మాటల్లో చర్చికి వెళ్లిన వేళ, గొర్రెలకు తినిపించడం మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. గొప్ప వైద్యులు నయమయ్యాకే చెబుతారని నా నమ్మకం.

నయమైంది కూడా! కొన్నాళ్లకు బొచ్చు మొదళ్లలో నలుపు తిరిగొచ్చింది. మామ్మ "పెబువు ఆలకించినాడు" అని సాక్ష్యం చెప్పింది. నేను వెనక బెంచీలో కూర్చుని ఆ మహిమలో కొంత నాది అనుకున్నాను (దేవుడు నన్ను క్షమించాలి). మా పాస్టరు అయ్యగారు ముచ్చటపడి, ఈసారి నాటకంలో నిజం గొర్రెల్నే నడిపిద్దాం అన్నారు. మామ్మ ముఖం చూడాలి, తన పిల్లల్ని స్టేజీ ఎక్కిస్తున్నంత సంబరం. పండక్కి బోగీలకు కొత్తరంగు వేసినట్టు, ఇంకాస్త నిగారింపు కోసం నేను బెల్లం ఉండలు పెంచాను. రెండు పంపులు ఎక్కువ.

నాటకం సాయంత్రం హాలు కిక్కిరిసి ఉంది. డప్పులు, మైకు, పిల్లల కేకలు. గొర్రెల కాపరి వేషంలో తాడు పట్టుకున్నది నేనే. మెట్లు ఎక్కించేటప్పుడే పెద్దగొర్రె వణుకుతోంది. జనాన్ని చూసి భయమనుకున్నాను. పశువులపాక ముందుకు రాగానే అది నిలబడ్డచోటే కూలిపోయింది. వెనకున్నది దాని మీద పడింది. తెల్లదుప్పటి పరిచిన స్టేజీ మీద అది మూత్రం పోస్తే, పాలు పోయని టీలాగా ఎర్రగా, నల్లగా పారింది. మరియమ్మ వేషం వేసిన పిల్ల కెవ్వుమని బొమ్మ బాలయేసును కింద పడేసి పారిపోయింది. యోసేపు అంతకుముందే పారిపోయాడు. నేను గొర్రె కనురెప్ప ఎత్తి చూశాను. కంటి తెల్లగుడ్డు పసుపు ముద్దలా ఉంది. డప్పులు ఆగిపోయాయి. వెనకనించి ఒక గొంతు:

"టైలరే! అన్నట్టే సేసినాడు!"

హాలులో తలలన్నీ ఒక్కసారి చిన్నాన్న వైపు తిరిగాయి. కొత్తగా కుట్టిన గాబ్రియేలు అంగీ సరిచేస్తూ, నోట్లో గుండుసూదులతో, ఆయన అలాగే నిలబడిపోయాడు. జీవితంలో మొదటిసారి ఆయనకు మాట రాలేదు.

పశువుల డాక్టర్‌బాబు వచ్చి చూశాడు. పెద్దమనిషి, ఓపికగలవాడు. నన్ను పక్కకు పిలిచి, "తామా-టామా కిఛు ఖాయియేఛో?" అని బెంగాలీలో అడిగాడు. రాగి గానీ ఏమైనా తినిపించావా అని. ఎందుకు అడుగుతున్నాడో కూడా చెప్పాడు. ఈ ఎర్రమట్టి మేతలో రాగి చాలకపోవడం నిజమేనట, కానీ గొర్రెకు కావలసింది నలుసంత. ఎక్కువైతే మిగతా పశువుల్లా బయటికి తోసెయ్యలేదు, కాలేయంలో దాచుకుంటూ పోతుంది, పైకి కళకళలాడుతూనే ఉంటుంది. ఒకరోజు ఏ బెదురుకో దాచిందంతా ఒక్కసారి రక్తంలోకి దిగి, రక్తాన్నే విరిచేస్తుంది. వింటుంటే నాకు నాన్న గ్రీజు గన్నే గుర్తొచ్చింది. కారిపోదా? పక్కనించి కారిపోదా?

"నా, డాక్టర్‌బాబు" అన్నాను. లేదు అని. ఇంత చిన్న అబద్ధం నేను మళ్లీ ఆడలేదు, ఇంత పెద్దదీ ఆడలేదు.

"తాహలే బిష్" అన్నాడాయన, అయితే విషమే అయ్యుండాలి అని. ఆ మాట ఆయన నోట్లోంచి హాలు గుమ్మం దాటేసరికి టైలర్ చిన్నాన్న పేరు దానికి అతుక్కుపోయింది.

పెద్దగొర్రె, దాని వెనకది చనిపోయాయి. మిగతావాటిని ఆ డాక్టరే మందులిచ్చి బతికించాడు. మామ్మ చిన్నాన్న వాటా వైపు గోనెపట్టా కట్టుకుంది, ఆ ముఖం కనపడకుండా. అంగీలు కుట్టే పని గోల్ బజార్ కొట్టుకు పోయింది. చిన్నాన్న ఒక్కమాట ఎదురు చెప్పలేదు, "నాను కాదు" అని కూడా అనలేదు. ఆ మౌనాన్ని లైను నేరం ఒప్పుకున్నట్టు లెక్కవేసింది. నేను కొత్తచొక్కా కుట్టించాల్సి వస్తే ఇంకో వీధిలోంచి తిరిగి వెళ్లేవాణ్ణి. మామ్మ పోయిన రోజున కూడా నిజం నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆవిడకు చెప్పే అవకాశం ఇంక లేదు.

మొన్న క్రిస్మస్ కమిటీలో ఒక కుర్రాడు, "నిజం గొర్రెలొద్దంకుల్, టైలర్ తాత ఇంకా ఉన్నాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు నా చెవిన పడి, స్టేజీ మీద గొర్రెను చూసినప్పటికంటే ఎక్కువ బెదిరాను. మర్నాడు పొద్దున్నే టోటో, అంటే బ్యాటరీ రిక్షా, ఎక్కి ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో ఆయన కూతురి క్వార్టర్‌కు వెళ్లాను. చిన్నాన్న వరండాలో మనవరాలి గౌనుకు గుండీ కుడుతున్నాడు. పిన్ని బియ్యం ఏరుతోంది. మైలుతుత్తం దగ్గర్నుంచి డాక్టర్‌బాబు దాకా అంతా చెప్పేశాను.

ఆయన సూదిని గౌనుకు గుచ్చి పక్కన పెట్టాడు. "అయితే నా మాట తగిలి కాదేటి?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"సంపేస్తాను అన్నాను. సచ్చిపోనాయి. నా నోట్లోనే విసం ఉన్నాదనుకున్నాను రా. ఆ రోజునించి పెళ్లాన్ని ఒక మాటన్నేదు, పిల్లల్ని అన్నేదు. ఎవుల్ని ఏటంటే ఏటవుద్దోనని బయిం."

ఆయన కుట్టుపని పోగొట్టానని నాకు తెలుసు. ఆయన గొంతే నా దగ్గర ఉండిపోయిందని తెలియదు. పిన్ని చేటలోంచి తలెత్తి, "ఓరి నాయినా, ఇన్నేళ్లు దాసినోడివి, ఇంకొన్నాళ్లు దాసలేకపోనావేటి? ఇంట్లో ఎంత పెశాంతంగా ఉన్నాదనీ!" అంది.

ఆలస్యమైపోయింది. చిన్నాన్న లేచి నిలబడ్డాడు. మొదట నా చదువును తిట్టాడు, తరవాత నా బెల్లాన్ని, మా నాన్న గ్రీజు గన్నును, వాటి వెనకున్న మా తరాలను. ఇన్నేళ్లుగా కాలేయంలో దాచిందంతా ఒక్కసారి దిగింది. పక్కవాటా దీదీ "కీ హోలో దాదా?" అంటూ, ఏమైందోనని కంగారుగా పరిగెత్తుకొచ్చింది. నేను తలొంచుకుని నిలబడ్డాను. ఎందుకో వెన్నెముకకు సుఖంగా ఉంది. చిన్నాన్న అలిసిపోయాక నీళ్లు తాగి, "ఇక్కడ కాదు. ఆ హాల్లో సెప్పాల. అందరూ నన్ను సూసిన కాడే" అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారిని అడిగి ఆ స్టేజీ ఎక్కాను. పట్టుకోవడానికి ఈసారి తాడు లేదు. చెప్పాల్సిందంతా చెప్పి, ముందు వరసలో కూర్చున్న ఆయన వైపు తిరిగి, "చిన్నాన్నా, తప్పు నాది. నన్ను క్షమించు" అన్నాను. మాట సగమే బయటికొచ్చింది.

"గట్టిగా సెప్పరా!" అని అరిచాడు చిన్నాన్న. "ఎనకోళ్లకి ఇనపడనేదు!"

గట్టిగా చెప్పాను.