అన్న చేతి మచ్చతో ఆత్మకూరుకు

ఉదయగిరి బస్టాండులో ఉదయం ఏడు గంటల బస్సు ఎక్కాము, నేనూ మా అన్న వెంకటరమణ. అన్న చెక్క చెంచాలు చెక్కుతాడు. మొన్న ఎడమ చిటికెన వేలు కత్తికి తెగితే, నెత్తురు చెంచా మీద కారేదాకా ఆయనకు తెలియలేదు. అది విని నెల్లూరు నుంచి వచ్చాను. ఆత్మకూరులో చర్మం డాక్టరు ఉందని కనుక్కుని, రానన్నా వినకుండా బయల్దేరదీశాను.

ఎడమ మోచేతి కింద మచ్చ వచ్చి రెండేళ్లు దాటింది. రూపాయి బిళ్లంత ఉన్నది అరచేయంత అయింది. ఊళ్లో డాక్టరు తామర అని పూతమందు రాశాడు. కావలిలో ఇంకో డాక్టరూ తామరే అన్నాడు, పూతమందు మార్చాడు. ఇద్దరూ బల్లకు అవతల కూర్చునే చూశారు. మచ్చను ముట్టుకున్నవాళ్లు లేరు.

వింజమూరులో బస్సు కాసేపు ఆగింది. హోటల్లో ఇడ్లీ, కారప్పొడి బాగున్నాయి. టీ గ్లాసు కాలుతుంటే నేను కింద పెట్టేశాను. అన్న తన గ్లాసును ఎడమ చేత్తో చుట్టి పట్టుకున్నాడు. సంగం ఊరికి వరినాట్లకు పోతున్న ఒక అవ్వ అది చూసి, "కాల్లేదా నాయనా నీకు?" అంది. అలవాటేనని నవ్వాడు అన్న.

ఆత్మకూరులో దిగేసరికి పది దాటింది. ఆస్పత్రికి నడిచే పోయాము. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. డాక్టరమ్మ చొక్కా చెయ్యి మడవమంది. మచ్చ రంగు వెలిసి ఉంది, అంచు కాస్త ఉబ్బింది. లోపలంతా పొడిబారి, ఒక్క వెంట్రుక లేదు. అంత ఉక్కపోతలోనూ అక్కడ చెమట పట్టలేదు. అన్నను కళ్లు మూసుకోమని, దూదితో తాకిన చోటల్లా వేలు పెట్టి చూపించమంది. కుడి చేతి మీద చూపించాడు. మచ్చ చుట్టూ చూపించాడు. మచ్చ మీద తాకుతుంటే కదలకుండా కూర్చుని, "ఇంకా మొదలుపెట్టలేదా మేడం?" అన్నాడు.

ఆవిడ అన్న మోచేతి వెనక నా వేలు కూడా పెట్టించింది. చర్మం కింద నరం తాడులా లావుగా తగిలింది. చిటికెన వేలు, ఉంగరం వేలు అప్పటికే లోపలికి వంగాయి.

"ఇది కుష్టు. ఆరు నెలలు మాత్రలు మింగితే రోగం పోతాది. మాత్రలు ఊరకే ఇస్తారు" అంది.

"వేళ్లు సరిగ్గా వస్తాయా?" అని అడిగాను.

"కొత్తలో వచ్చుంటే నరాన్ని కాపాడేదాన్ని. ఇప్పుడు చెప్పలేను."

ఇంట్లోవాళ్లందర్నీ తెచ్చి చూపించమని కూడా చెప్పింది.

మూడు గంటల బస్సులో తిరుగు ప్రయాణం. వదిన ఫోన్ చేస్తే, "తామరేనంట" అన్నాడు అన్న. నేను ఫోన్ లాక్కున్నాను. "తామర కాదు వదినా, కుష్టు. మందు ఉండాది, నయమవతాది. పిల్లల్ని కూడా రేపు చూపించాల" అన్నాను. వదిన ఫోన్ పెట్టేసింది. అన్న కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఆ దారిలో రోడ్డు బాగుంది, సీట్లు దొరుకుతాయి. స్పర్శ లేని మచ్చ ఉన్నవాళ్లు ఎవరు తామరన్నా నమ్మకుండా ఆ బస్సు ఎక్కండి. మా ఊరి నుంచి ఒక్క బస్సు ఎక్కితే చాలు. ఎక్కమని రెండేళ్లలో ఆ డాక్టర్లిద్దరూ చెప్పలేదు.

చీకటి పడే వేళకు ఉదయగిరిలో దిగాము. వదిన బస్టాండులో ఒక్కతే నిలబడి ఉంది. పిల్లలెక్కడని అడిగాను.

"మా అమ్మకాడికి కలిగిరి పంపించేసినా" అంది, అన్నకు దూరంగా జరుగుతూ.

అన్న చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

"మంచి పని చేసినావు" అన్నాడు.