ఫోన్ పరీక్షకు చెప్పిన కథ

దగ్గరికి జరిగి కూర్చోండి, నారాయణగూడ బస్సులో కలిసిన ఒక పిల్ల సంగతి చెబుతాను.

ఫోన్ వేగానికి మార్కులు వేసే యాప్ పెట్టి చూసి, “నీ ఫోన్ ఫెయిలయిందే అమ్మా, మార్చేద్దాం” అన్నాడు మా చిన్నోడు. మనవరాలికి కథలన్నీ అందులోనే రికార్డు చేసి పంపుతాను. కొత్త ఫోన్ నాకు చేతనవుతుందా అని బెంగ పట్టుకుంది. అశోక్‌నగర్‌ కోచింగ్‌కు పోతున్న ఆ పిల్ల పక్కనే కూర్చుని నా గోడు విన్నది.

“గీ ఊలు తొడుగుల ఉంచే పరీక్ష చేసిన్రా? స్వెటరేసి ఉరికిస్తే ఉడికిపోదా అమ్మా!”

నేను అల్లిన తొడుగు తీసి, ఫోన్ చల్లబడ్డాక మళ్ళీ చూసింది. మార్కులు పెరిగాయి.

“అయినా గీ మార్కులు గేములాడెటోళ్లకు. మీరొక కథ చెప్పున్రి, ఆగకుండ రికార్డయితే మీకు చాలు.”

ట్రాఫిక్‌లో బస్సు పాకుతుంటే కథంతా చెప్పాను. ఫోన్ ఎక్కడా ఆగలేదు. చిక్కడపల్లిలో దిగాల్సిన పిల్ల స్టాపు దాటిపోయిందని నాలుక కరుచుకుని, పరుగున దిగిపోయింది. పేరైనా అడగలేదు.

ఫోన్ మార్చలేదు. మనవరాలు ఇప్పటికీ ఆ కథే పెట్టమంటుంది. మధ్యమధ్యలో ఆ పిల్ల “ఊ” కొట్టడం వినిపిస్తుంది.

మీ ఇంట కథ చెప్పేవాళ్ళకు ఊ కొట్టేవాళ్ళు ఎన్నడూ కరువు కాకూడదు, తల్లీ.