మార్కులు లేని పరుగు

ఆ రోజుల్లో నాకు చదవడం రాదు, పరుగెత్తడం మాత్రం వచ్చు. చదువు వచ్చినవాళ్లలో పరుగు వచ్చినవాడు పెద్దగా కనిపించలేదు కాబట్టి లెక్క సరిపోయిందనుకునేవాణ్ని. (అక్షరాలు నలభై దాటాకే దిద్దాను. ఇది నా చేత్తో రాసిందే, తప్పులుంటే నావే.) ఇప్పుడు జర్మనీలో, ఫ్రైబర్గ్‌లో కూతురింట్లో ఉంటున్నాను. మొన్న మనవరాలు బడి కోసం నూరేళ్ల కిందటి ఒక ఫ్రెంచి పరుగువీరుడి జీవితం రాసుకుంటూ, ఆ కాలంలో పరుగుబాట మీద బొగ్గు బూడిద పరిచేవారని, కాళ్లు ఆనించుకోవడానికి అందులో గుంతలు తవ్వుకునేవారని చెప్పింది. బొగ్గు, గుంతలు అనేసరికి అతను మా బొగ్గుబాయి మనిషేననిపించింది.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. బాయిలోకి దిగి తట్టతో బొగ్గు మోసేవాణ్ని. ఆ ఏడు ఆటల పోటీల్లో పరుగు గెలిచినవాడికి భూమిపైన డ్యూటీ ఇస్తామన్నారు. పైన డ్యూటీ అంటే రోజంతా ఎండ. మా గుంపులో నన్ను మించి ఉరికేవాడు లేడని నాకే కాదు, మాతో పనిచేయించే సర్దారుకూ తెలుసు. మడమతో రెండు గుంతలు చేసుకుని వంగాను. తెల్ల టోపీ దొర విజిల్ పట్టుకుని "ఆన్ యువర్ మార్క్స్" అన్నాడు. అందులో నాకు తెలిసింది మార్కులొక్కటే. ఎదురింటి పిల్లలు వాటికోసమే రోజూ తన్నులు తినేవాళ్లు. పరుగుకూ అవి కావాలి కాబోలనుకున్నాను. అబద్ధమెందుకని లేచి నిలబడ్డాను.

"నాకు మార్కుల్లేవు దొరా. నేను బడికి పోలే."

ఈలోగా విజిల్ మోగింది, అందరూ ఉరికారు. వెనక నుంచి సర్దారు, "నీ మార్కులు పాడుగాను, ఉరుకురా" అన్నాడు. ఉరికాను. ఆరుగురిలో ఐదుగురిని దాటాను. ఆరోవాడు ఆఫీసు గుమాస్తా. ఎప్పుడూ భూమిపైనే కూర్చునే ఆ మనిషికే మళ్లీ భూమిపైన డ్యూటీ ఇచ్చారు. నేను ఇంకో పద్దెనిమిదేళ్లు కిందే ఉన్నాను. (తర్వాత రాత్రిబడిలో పలక పట్టినప్పుడు, అ ఆలు కాగానే పంతులుతో పేచీపెట్టి రాయించుకున్న మొదటి మాట మార్కులే.)

నిన్న మనవరాలి బడిలో ఆటలు జరిగాయి. గీత దగ్గర పిల్లలు వంగగానే టీచరమ్మ జర్మన్‌లో "ఔఫ్ డీ ప్లెట్సె" అంది. పరుగయ్యాక మనవరాలిని దగ్గరికి పిలిచి, టీచరమ్మ మార్కులు అడిగిందా అన్నాను.

"నైన్, లేదు తాతా. ప్లెట్సె అంటే చోట్లు. నీ చోట్లో నువ్వు నిలబడు, దట్స్ ఆల్."

చోటుంటే చాలట. అది నాకు ఎప్పుడూ ఉండేది. కిందికి చూసుకుంటే, నా బూటు మడమ గడ్డిలో అప్పటికే ఒక గుంత తవ్వేసింది.