సూదితో గీసిన గీత

పండ్ల ఈగలకు ఇరవై రెండేళ్లుగా జావ కాస్తోంది కాబట్టి ఆ పరిశోధనశాలలో ఆమెకు జావమ్మ అనే పేరు ఖాయమైపోయింది. మొక్కజొన్న పిండి, పంచదార, ఈస్టు, గట్టిపడటానికి అగరు పొడి. అడుగంటకుండా కలపడం ఆమె ఒక్కదానికే చేతనవును. ఇంట్లో అన్నం మాడిందంటే చాలు, "ఈగలకైతే ఇలా పెట్టేదానివా?" అని మొగుడు దెప్పేవాడు. పెట్టేది కాదు మరి.

అక్కడ ఈగల మీద పరిశోధన చేసే కుర్ర డాక్టరమ్మ మూడు నెలలుగా ఒకటే ప్రశ్న పట్టుకుని కూర్చుంది. తల్లి ఈగ గుడ్లు ఎక్కడ పెడుతుంది? పళ్లెంలో సగం తీపి జావ, సగం చప్పిడి జావ పోసి ఇవ్వడం జావమ్మ పని. పక్కనే తీపి ఉన్నా చప్పిడి వైపే పెడుతుందని డాక్టరమ్మ మొదట గట్టిగా అనుకుంది. గుడ్లు చూస్తే ప్రతిసారీ తీపి వైపే. చివరికి ఆవిడ తన మాట తానే కొట్టేసుకుని, తీపే గెలిచిందని కాగితాలు సిద్ధం చేసింది. మర్నాడే పెద్దల ముందు చెప్పాలి.

ఆ ఉదయం, "ఇన్నాళ్లు వండారు, ఒక్కసారైనా చూడండి జావమ్మగారూ," అని ఆమెను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

బియ్యపు నూకల్లాంటి తెల్లటి గుడ్లు, ఒక్కోదానికి రెండేసి సన్నటి కొమ్ములు. ఎంత ముద్దొచ్చాయో! అంతలోనే జావమ్మ ఉలిక్కిపడి మళ్లీ వంగి చూసింది. గుడ్లన్నీ ఒకే వరసలో ఉన్నాయి. ఆ వరస ఆమెకు తెలుసు. పళ్లెం మీద ఇంకుతో రాస్తే ఆవిరికి చెరిగిపోతోందని, తీపి వైపు గుర్తుగా జావ మీద సూదిమొనతో సన్నగా గీస్తూ వచ్చింది తనే. ఏ వైపు తీపో నోటితో చెప్పే ఇస్తోంది కనుక, అదేమంత చెప్పాల్సిన సంగతని ఆమెకు తోచలేదు.

పోయినేడాది సీసాలు తారుమారు చేసిందని ఒకామెను ఆ పూటే పంపేశారు. నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. కానీ ఈ పిల్ల రేపు పదిమందిలో తప్పు చెబుతుంది. జావమ్మ లేచి నిలబడింది.

"ఇవి తీపి కోసం రాలేదేమోనమ్మా. నా గీత కోసం వచ్చాయేమో," అని ఉన్నదంతా చెప్పేసింది.

డాక్టరమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "పొయ్యి వెలిగించండి," అంది. "కొన్నిటికి గీత చప్పిడి వైపు గీయండి. కొన్నిటికి అసలు గీతే వద్దు."

ఈగలను వదిలి మూతలు పెట్టాక, మధ్యాహ్నం దాకా ఇద్దరికీ ఆకలి లేదు, కాలు ఒకచోట నిలవలేదు. మూతలు తీశారు. గీసిన పళ్లేల్లో గుడ్లన్నీ చప్పిడి వైపు గీతలోనే దూరి ఉన్నాయి. గీయని మొదటి పళ్లెం దగ్గర డాక్టరమ్మ లెక్క మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది.

"నా కళ్లను నేనే నమ్మలేకపోతున్నా. మీరు లెక్కపెట్టండి."

తీపి వైపు నాలుగు. చప్పిడి వైపు యాభై మూడు. మళ్లీ లెక్కపెట్టినా అంతే.

"మొదట మీరన్నదే నిజమమ్మా," అంది జావమ్మ. ఎగిరి గంతేయాలన్నంత సంతోషం, తలెత్తలేనంత సిగ్గు. "నా గీతే మిమ్మల్ని మూడు నెలలు తిప్పలు పెట్టింది." సూది తీసి బల్ల మీద పెట్టేసింది.

డాక్టరమ్మ దాన్ని తిరిగి ఆమె చేతిలోనే పెట్టింది. "ఇంకో పది గీయండి. గీత దొరికితే ఈగ తీపీ చప్పిడీ చూడదని కూడా రేపు చెప్పాలి. గీసినావిడ నా పక్కనే నిలబడాలి."

ఆ సంబరంలో జావమ్మ చెయ్యి వణికి మొదటి గీత వంకర పోయింది. సాయంత్రం చూస్తే గుడ్లూ వంకరగానే ఉన్నాయి.