జాంగ్రీ రంగు గుడ్లు

పన్నెండేళ్లపాటు వసుమతికి ప్రతి ఉదయం ఒకేలా తెల్లవారేది. అయిదున్నరకు లేవడం, డికాషన్ దింపడం, పెరుగన్నంలో ఆవకాయ ముక్క పెట్టి డబ్బా సర్దడం, చలికాలమైతే కారు అద్దం మీది మంచు గీకడం, భర్త యజ్ఞనారాయణను నేపర్‌విల్ స్టేషన్లో దింపి షికాగో రైలు కదిలేదాకా చూసి రావడం. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి చీర మీద కోటు తొడుక్కుని అంత పెద్ద కారు నడుపుతుంటే ఆయనకు భలే గర్వం. "మా డ్రైవరమ్మ" అని ఆఫీసంతా చెప్పుకునేవాడు.

కిందటి మార్చిలో ఆయన గుండె ఆగిపోయింది. ఆమెకు అయిదున్నర మెలకువ మాత్రం ఆగలేదు. లేచి ఏం చేయాలో తోచక స్టవ్ తోమేది. నిన్న తోమిన స్టవ్‌నే. సెలవులకు వచ్చిన కూతురు ఉష చూసి, "అమ్మా, స్టాప్! ఇంక దాని పెయింట్ పోతుంది" అని చేతిలో పీచు లాక్కుంది. కూతురు కాలేజీకి వెళ్లిపోగానే పీచు మళ్లీ చేతికొచ్చింది.

డిసెంబరు నుంచి ఆ అయిదున్నర వేళకు కొత్త పని దొరికింది. పక్కింట్లో ఉండే చైనా వాళ్ల కోడలు షూయిన్‌కు మగపిల్లాడు పుట్టాడు. ఆస్పత్రి నుంచి వచ్చి కారు దిగుతున్నప్పుడు వసుమతి కిటికీలోంచి చూసింది. బాలింతకు చెవులు కప్పే టోపీ, కాళ్లకు రెండేసి మేజోళ్లు. వెనకే అత్తగారు, మిసెస్ లియాంగ్, చలిగాలిని తరిమేస్తున్నట్టు చేతులాడిస్తూ నడుస్తోంది. మర్నాడు కంచె దగ్గర షూయిన్ మొగుడు గోడు వెళ్లబోసుకున్నాడు. "మా అమ్మ నెల్లాళ్లు తలస్నానం చేయనివ్వదట ఆంటీ. డాక్టరేమో రోజూ చేయమంటాడు. నేనెవరి మాట వినాలి?"

"మీ అమ్మ మాటే విను నాయనా," అంది వసుమతి తనకొచ్చిన ఇంగ్లీషులో. అమెరికా వచ్చిన ఇన్నేళ్లలో బాలింత గురించి తెలిసిన మనిషి ఒక్కరు కనపడ్డారని ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఆ మర్నాడే శొంఠి, మిరియాలు, బెల్లం వేసి కషాయం కాచి తీసుకెళ్లింది. మిసెస్ లియాంగ్ గిన్నె మూత తీసి వాసన చూసింది, గుక్కెడు తాగి చూసింది, ఆ తర్వాతే కోడలికిచ్చింది. ఖాళీ గిన్నెలో నువ్వుల నూనెలో వేయించిన అల్లం ముక్కలు పోసి తిరిగిచ్చింది. అక్కణ్ణుంచి రోజూ ఇదే వరస. "వదినగారూ, పిల్లని చన్నీళ్లు ముట్టుకోనివ్వకండి" అని ఈవిడ తెలుగులో అంటే, ఆవిడ చైనీసులో ఏదో అని గట్టిగా తలాడించేది. ఇద్దరికీ ఒక్కనాడూ మాట తేడా రాలేదు. అర్థమైతే కదా!

నెల నిండే ఆదివారం పండగ చేస్తున్నామనీ, పిల్లాడికి గుండు చేసి అందరికీ ఎర్ర గుడ్లు పంచుతామనీ, ఆంటీ తప్పకుండా రావాలనీ షూయిన్ చెప్పింది. వసుమతి సరేనని తలూపింది కానీ, ఇంటికొచ్చాక మనసు వెనక్కి లాగింది. అప్పుడే పక్క ఊరు అరోరా నుంచి చెల్లెలు జయంతి ఫోన్ చేసింది. పండగ సంగతి విని అందుకుంది.

"అదేంటక్కా! బావగారి సంవత్సరీకం కూడా కాలేదు. శుభకార్యానికి ఎలా వెళ్తావు? వాళ్లకి తెలీకపోతే మనకి తెలీదూ?"

"వెళ్లనులే."

"నేనేదో అన్నానని కాదు. పసివాడు కదా అని..."

పసివాడు కాబట్టే వసుమతి భయం. ముప్పై రోజులుగా వాడి ఏడుపు గోడ అవతలి నుంచి వింటూ లేస్తోంది. తన మూలంగా వాడికి ఏదైనా కీడు తగిలితే? అలా అని వాడి గుండు చూడకుండా ఉండటం ఆమె వల్లయ్యే పనీ కాదు.

శనివారం మధ్యాహ్నం తలుపు దబదబా మోగింది. మిసెస్ లియాంగ్, వెనక కోటూ టోపీతో షూయిన్. ఇద్దరి చేతుల్లో గుడ్ల అట్టలు, అయిదు డజన్లు.

"సారీ ఆంటీ. మా స్టవ్ మీద నాలుగు మంటలూ బిజీ. చుట్టాలు దిగారు. మీ స్టవ్ వాడుకోవచ్చా?"

ఇన్నేళ్ల ఆ కాపురంలో గుడ్డు వంటింటి గడప తొక్కలేదు. యజ్ఞనారాయణ ప్రతి శుక్రవారం ఆఫీసు క్యాంటీన్‌లో ఆమ్లెట్ తింటాడని వసుమతికి తెలుసు. టై మీది పచ్చ మరక ఆవకాయదో కాదో ఉతికే మనిషికి తెలీదూ? ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. ఇప్పుడేమో ఏకంగా అరవై గుడ్లు గుమ్మంలో నిలబడ్డాయి.

"ముందు లోపలికి రావమ్మా, చలిగాలి!" అని షూయిన్‌ను లాగి తలుపేసింది. పులిహోర గిన్నెలో నీళ్లు పెట్టింది.

గుడ్లు ఉడికాయి. చిక్కు రంగు దగ్గర వచ్చింది. చైనా టౌన్ నుంచి ఎర్ర పొడి తేవలసిన షూయిన్ మరిది మర్చిపోయి వచ్చాడు. సూపర్ మార్కెట్‌లో కొన్న చిన్న సీసా ఒంపితే గుడ్లు లేత గులాబీ రంగు దాటలేదు. మిసెస్ లియాంగ్ ఒకటి పైకెత్తి చూసి, కుర్చీలో కూలబడి ముఖం తిప్పుకుంది.

"ఎర్రగా లేకపోతే బాబుకి మంచిది కాదని ఆవిడ బాధ," అంది షూయిన్ మెల్లగా.

వసుమతి పై అలమర వైపు చూసింది. రాజమండ్రి నుంచి తెచ్చిన ఎర్ర మిఠాయి రంగు డబ్బా అక్కడే ఉంది. వచ్చే ఏప్రిల్‌లో ఆయన షష్టిపూర్తికి నూరు జాంగ్రీలు చుడదామని తెచ్చి దాచింది. దానికి సీలు కూడా తీయలేదు. పది నెలలుగా ఆ అలమర తుడిచినప్పుడల్లా డబ్బా ఎత్తి, కింద తుడిచి, మళ్లీ అక్కడే పెడుతోంది.

స్టూలెక్కి దించింది. చెంచా కాడతో మూత ఎగదీసి సగం డబ్బా గిన్నెలో కుమ్మరించింది. నీళ్లు మందార రేకుల్లా ఎర్రబడ్డాయి. మొదటి గుడ్డు పైకి తీయగానే మిసెస్ లియాంగ్ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

గుడ్లు ఆరబెడుతూ వసుమతి ధైర్యం చేసి, భర్త పోయి ఏడాది కాలేదనీ, రేపు తను రాకూడదనీ చెప్పింది. షూయిన్ ఆ మాట అత్తగారికి చైనీసులో చెప్పింది. ఆవిడ చాలాసేపు ఏదో అంది.

"మా మామగారు పోయి కూడా రెండేళ్లేనట. తాత ఎత్తుకోవాల్సిన వంతు కూడా ఆవిడే ఎత్తుకోవాలట, చేతులు చాలట్లేదట, మీరు రాకపోతే ఎలా అంటోంది."

ఆదివారం వసుమతి బూడిద రంగు చీర కట్టుకుని వెళ్లి, ఆ ఇంటి వంటగది గుమ్మం దగ్గరే నిలబడింది. చేతులు కొంగు కింద దాచుకుంది. రాత్రంతా నిమ్మచెక్క పెట్టి రుద్దినా మణికట్ల దాకా ఎరుపు వదల్లేదు. గుండు గీసే వేళయింది. పిల్లాడు కేర్‌మన్నాడు. మిసెస్ లియాంగ్ చుట్టూ చూసి, నేరుగా వచ్చి, వసుమతి కొంగు తొలగించి ఆ చేతుల్ని అందరికీ ఎత్తి చూపించింది. ఇల్లంతా గొల్లున నవ్వింది.

"ఎర్ర చేతులు! వీటికంటే శుభం ఏముంటుందంటోంది ఆంటీ. బాబుని మీరే పట్టుకోవాలట!" అంది షూయిన్.

పిల్లాడు ఒళ్లో పడ్డాడు. కత్తి కదిలినంతసేపూ ఆమె వాడి చెవిలో "లేదమ్మా, అయిపోయింది, అయిపోయింది" అంటూనే ఉంది. మిసెస్ లియాంగ్ ఎర్ర గుడ్డొకటి తీసి వాడి బోడిగుండు మీద గుండ్రంగా దొర్లించింది. వాడు ఏడుపు ఆపి, ఆలోచించి, వసుమతి చీర తడిపేశాడు.

"ఓయ్, నీ దుంపతెగ! నా చీరే దొరికిందా?" అంది. అని, నవ్వింది. నవ్వు గట్టిగానే వచ్చింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఇంటికొస్తూ రెండు ఎర్ర గుడ్లు తెచ్చుకుంది. యజ్ఞనారాయణ ఫోటో ముందు పళ్లెంలో పెట్టింది. "మీకిష్టమేగా. నాకు తెలీదనుకున్నారా?" అంది. అని జయంతికి ఫోన్ చేసి, వెళ్లొచ్చానని చెప్పింది. "పిల్లాడు ఎలా ఉన్నాడక్కా?" అంది జయంతి. ఆ ముచ్చట అరగంట నడిచింది.

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వచ్చింది. సింకులో పులిహోర గిన్నె అడుగున ఎర్ర నీళ్లు నిలిచి ఉన్నాయి. స్టవ్ మీద ఎర్ర చుక్కలు, ఎండిపోయి, అంచు దాకా. పీచు చేతిలోకి తీసుకుంది. ఒక్క నిమిషం చూసింది. పీచు కుళాయి పక్కన పెట్టి, లైటార్పి వెళ్లి పడుకుంది.