దొరకని పేజీల జాబితాలో సిన్నవ్వ

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నేను చదివింది స్టాటిస్టిక్స్. ఎవరైనా వింత జరిగిందని మొదలుపెడితే, ఎన్నిసార్లు జరిగింది, ఎవరు చూశారు, ఎక్కడ రాసిపెట్టారు అని అడిగి వాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లడం నాకో సరదా. అలాంటి నేనే ఈ సంగతి రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. ఇంకొకరు చెబితే నేనూ నవ్వేవాణ్ణే.

తొంభైల చివరి రోజులు. యూనివర్సిటీ క్యాంపస్‌లో పరిశోధన చేస్తున్నాను. తార్నాకలో రెండు గదుల అద్దె ఇంట్లో నేనూ, మా అవ్వా ఉండేవాళ్లం. మా జనగామ వైపు పల్లెల్లో అవ్వ అంటే అమ్మే. ఆమె అడిక్‌మెట్‌లో ఒక విద్యార్థుల మెస్‌లో వంట చేసేది.

డిపార్ట్‌మెంట్ కంప్యూటర్‌లో నాకు కాస్త చోటిచ్చారు. అందులో సొంత వెబ్ పేజీలు పెట్టుకున్నాను. ఇప్పుడైతే బ్లాగు అంటారు, అప్పటికి ఆ మాట మా చెవిన పడలేదు. మా చుట్టాల్లో ఒక్కొక్కరి మీద ఒక్కో పేజీ. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాణ్ణి. ఎవరి గురించి రాస్తే పేజీకి వాళ్ల పిలుపే పేరు.

ప్రతి నెలా మొదటి రోజున, గడిచిన నెలలో ఏ పేజీని ఎందరు తెరిచారో లెక్క తీసి ప్రింటు కొట్టుకునేవాణ్ణి. నేను తెరిచినవి తీసేస్తే మిగిలేది ఇరవైకి అటూ ఇటూ. అయినా ఆ కాగితం చేతిలో పట్టుకుని క్యాంటీన్‌కి వెళ్తుంటే నా అంతవాడు లేడనిపించేది. చదివినవాళ్లలో కోస్తావాళ్లు కొందరు 'మీ నాయనమ్మ గురించి బాగా రాశారు' అని మెయిల్ పంపేవారు. వాళ్లకు అవ్వ అంటే ముసలామె కదా. ఇంటికొచ్చి చెబితే అవ్వకి ఒళ్లు మండేది.

"గంత ముసల్దాని లెక్క రాసినవారా నన్ను?"

రిపోర్టు చివర ఇంకో జాబితా ఉండేది. ఎవరో అడిగారు గానీ దొరకని పేజీలు. మామూలుగా అక్షరం తప్పు కొట్టినవాళ్ల బాపతు. ఒక నెల అందులో 'సిన్నవ్వ' అని కనబడింది, నాలుగుసార్లు. అలాంటి పేజీ నేను రాయలేదు. పేజీ లేదు కాబట్టి దానికి తీసుకెళ్లే లింకూ లేదు. ఎవరో ఆ పేరు పనిగట్టుకుని టైపు చేయాలి.

సిన్నవ్వ అంటే మా అవ్వ చెల్లెలు. రాతలో చిన్నవ్వ అనే రాస్తారు, సిన్నవ్వ అనేది మా ఇంటి నోళ్లలోనే. అవ్వ పొలం పనికి పోతే చిన్నప్పుడు నన్ను సాకింది ఆమే. తరవాత వాళ్లు క్రైస్తవం పుచ్చుకున్నారు, దాంతో ఎవరికీ పేచీ లేదు. పేచీ వచ్చింది ఆమె కూతురి పెళ్లికి. మాలో దగ్గరివాళ్లను ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవాలి. సిన్నవ్వ ఇంట్లో బొట్టు మానేశారు కదా, అందుకని అచ్చు కార్డు పోస్టులో పంపింది. ఆ కార్డు పిలుపు కాదు పొమ్మంది అవ్వ. పెళ్లికి పోలేదు, నన్నూ పోనివ్వలేదు. ఆరేళ్లు అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు. అవ్వ ఏమంటుందోనని నేను సిన్నవ్వ మీద పేజీ కూడా రాయలేదు. ఆ విషయంలో నేను ఒట్టి పిరికివాణ్ణి.

తరవాతి నెల తొమ్మిదిసార్లు వచ్చింది. వివరాలు తీసి చూశాను. అన్నీ మధ్యాహ్నం రెండు ప్రాంతాల్లో, అన్నీ మా ల్యాబ్‌లోని ఏడో నంబరు మెషిన్ నుంచే. వెళ్లి చూస్తే దాని మానిటర్ రిపేరుకు పోయి చాలా రోజులైంది. కరెంటు వైరు పీకేసి, పైన గుడ్డ కప్పి ఉంది. దాని నంబరు వేరే మెషిన్‌కి ఇచ్చారేమోనని అడిగాను, ఇవ్వలేదు. లెక్క రాసే కంప్యూటర్ గడియారం తప్పేమో చూశాను, సరిగ్గానే ఉంది. తోటివాళ్లెవరికీ సిన్నవ్వ సంగతి తెలియదు.

ఎవరో ఆట పట్టిస్తున్నారని నా ధీమా. పట్టుకుందామని ఒక వారమంతా మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చుకుని ఆ మెషిన్ ముందే కూర్చున్నాను. ల్యాబ్ చూసుకునే యాదగిరి నన్ను చూసి నవ్వాడు.

"ఏంది సార్, కరెంటే లేని డబ్బాకు కావలి కాస్తున్నరు?"

ఒక్క మనిషి రాలేదు, ఆ గుడ్డ కదల్లేదు. నెల తిరిగాక రిపోర్టు తీశాను. సిన్నవ్వ అదే మెషిన్ నుంచి దాదాపు రోజుకొకసారి ఉంది. నేను కూర్చున్న వారంలో ఒక్కరోజు కూడా తప్పలేదు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో నవ్వులాటగా చెబుదామనుకున్నాను. అవ్వ చిక్కుడుకాయలు తుంచుతోంది. రోజూ ఎవరో కంప్యూటర్‌లో సిన్నవ్వను అడుగుతున్నారవ్వా అన్నాను. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అడుగుడు కాదురా అది. పిలుసుడు," అంది. "ఎన్నొద్దుల సంది?"

మూడు నెలలన్నాను. కాయలు అక్కడే వదిలేసి లేచి చీరలు సంచిలో పెట్టుకుంది. తెల్లారి మొదటి బస్సుకే సిన్నవ్వ ఊరికి బయల్దేరాం.

సిన్నవ్వ మంచంలో ఉంది. సగమైపోయింది. ఆమె మంచం పట్టి మూడు నెలలైందని కూతురు చెప్పింది. మాకు కబురు చేద్దామంటే సిన్నవ్వే వద్దందట, పిలువకుంటే అక్క రాదు, పిలిచే మొహం నాకు లేదని. మొదట్లో అప్పుడప్పుడు, తరవాత రోజూ మధ్యాహ్నం గంజి తాగాక మాత్రం తనలో తను ఏదో గొణుక్కునేదట.

అవ్వ మంచం పట్టె మీద కూర్చుంది. ఆరేళ్ల కోపం ఏమైందో, చెల్లెలి కాళ్లు ఒళ్లోకి తీసుకుని ఏడ్చింది. సిన్నవ్వ ఏడవలేదు.

"బొట్టు వెట్టి పిలుద్దమంటే ఇంట్ల కుంకుమ లేకపాయె అక్కా. నోటితోనే పిలిసిన," అంది. తరవాత నా వైపు చూపించింది. "నువ్వు నా మాట ఇనవు. గందుకే దినాం పిలగానికి చెప్పిన, సిన్నవ్వ అడుగుతున్నదని."

బయటికొచ్చి గోడకానుకుని చాలాసేపు ఏడ్చాను. కంప్యూటర్ సంగతి అప్పటికి వాళ్లకెవరికీ మేం చెప్పలేదు.

ఆ తరవాత ఆమె పన్నెండు రోజులు బతికింది. ఆ పన్నెండు రోజులూ అవ్వ పక్కనే పడుకుంది, గంజి తన చేత్తోనే తాగించింది.

తరవాతి రిపోర్టులో ఆ పేరు ఒక్కసారే ఉంది, మేం ఊరికి వెళ్లిన ముందురోజు. ఆ తరవాత లేదు. మెషిన్‌లో ఏదో లోపం అన్నారు మిత్రులు. ఉండొచ్చు, నేను కాదనను. కానీ చిన్నవ్వను మేం 'సి'తో పిలుస్తామని లోపానికి ఎట్లా తెలిసిందని ఇన్నేళ్లుగా అడుగుతూనే ఉన్నాను.

మా చుట్టాలందరి మీదా పేజీలు రాశాను, సిన్నవ్వ మీద తప్ప. రాయాలని లేక కాదు. ఆ పేరుతో పేజీ పెట్టేస్తే, ఆమె మళ్లీ ఎప్పుడైనా అడిగినా ఆ పేరు దొరకని జాబితాలోకి రాదు, మామూలుగా చదివేవాళ్ల లెక్కలో కలిసిపోతుంది, నాకు తెలియదు. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు, నిజమే. నెల మొదటి రోజున మాత్రం ముందు ఆ జాబితానే చూస్తాను.