నోట్లో మంచినీళ్ళు

మావారు అంబాజీపేటలో కొబ్బరికాయలు ఏరి లారీలకెత్తిస్తారు. ఒకరోజు లోడు సగంలో వదిలేసి ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా మంచం మీద కూర్చున్నారు. "గుండె పట్టేసినట్టుందే" అన్నారు. ఆ మొహం చూసి నాకు భయం వేసింది.

అమలాపురంలో ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ చేయించాం. "అన్నీ నార్మలేనండి. డిప్రెషన్‌లా ఉంది, సైకియాట్రిస్టుకి చూపించండి" అన్నారు డాక్టరుగారు. మందులు మొదలయ్యాయి. కాస్త నిద్ర పట్టగానే తగ్గిపోయిందని ఈయన మానేశారు. నెల తిరక్కుండా మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి అన్నం కూడా నేనే కలిపి పెట్టాల్సి వచ్చేది. నిజం చెప్పొద్దూ, విసుగొచ్చేసింది. విసుక్కున్నందుకు మళ్ళీ ఏడుపొచ్చేది.

సైకియాట్రిస్టుగారు మళ్ళీ మందులు రాసి, వాటితోపాటు కౌన్సెలింగ్ కావాలన్నారు. కౌన్సెలర్ మేడమ్ అల్లవరం వైపు చిన్నబళ్ళో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి, తర్వాత సైకాలజీ చదువుకున్నావిడ. "నిద్ర పడుతోందాండీ?" అని ఈయన్ని అడిగితే, "తెల్లార్లూ కునుకుండదండి" అన్నాను నేను. "ఆకలి?" "అస్సలు లేదండి." ఈయన "ఆయ్" అని తలూపారు. మూడు సిట్టింగులూ ఇదే వరస.

నాలుగోసారి మేడమ్ నా చేతికి మంచినీళ్ళ గ్లాసిచ్చారు. "ఏమనుకోకండమ్మా. ఓ గుక్క నోట్లో పోసుకుని మింగకుండా ఉంచండి. మా బళ్ళో ఓ పిల్ల నోరు విప్పేది కాదండి. ఏమడిగినా పక్కపిల్లే చెప్పేసేది. పక్కపిల్లని ఆపేకే దాని గొంతు విన్నానండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత చాకిరీ చేస్తుంటే నాకా ఈ శిక్ష! అయినా పోసుకున్నాను.

"మీకెలా ఉందండి?" అని మేడమ్ ఈయన్ని ఒక్కసారే అడిగారు. తొందరపెట్టలేదు. నా బుగ్గలు లాగేస్తున్నాయి. చాలాసేపటికి ఈయన నేలచూపులు చూస్తూ, "బతకాలని లేదండి. ఇది బెంగపెట్టుకుంటుందని చెప్పలేదండి" అన్నారు.

ఆ నీళ్ళు నాకు గొంతు దిగలేదు.

మేడమ్ అప్పటికప్పుడు సైకియాట్రిస్టుగారికి ఫోన్ చేశారు. ఆయన ఆరోజే చూసి మందులు మార్చారు. "ఒంటరిగా వదలకండమ్మా, మాత్రలు మీ దగ్గరే ఉంచుకోండి" అన్నారు.

ఇప్పుడు వారానికి నాలుగు రోజులు పనికెళ్తున్నారు. పూర్తిగా తగ్గలేదు. నా అలసటా తీరలేదు. మీ ఇంట్లోనూ ఇలాంటి మనిషుంటే నేను చెప్పేది ఒక్కటే: వాళ్ళని అడిగినదానికి మీరు జవాబు చెప్పకండి.

మొన్న మా ఆడపడుచుగారు వచ్చి, "ఎలా ఉందిరా తమ్ముడూ?" అన్నారు. "బాగానే ఉన్నారండి" అనబోయి, గబుక్కున చెంబెత్తి నోట్లో నీళ్ళు పోసుకున్నాను.

ఈయన నా వైపు చూశారు. "ఇవాళ బాగోలేదక్కా. కాసేపు కూర్చో" అన్నారు.